ఆల్ప్స్ పోల్కాకి బేసు: ఏ ట్యూబా కొనాలి, ఎలా ఊదాలి

పోల్కా అంటే యూరప్‌లో రెండు దెబ్బల నడకకి ఆడే ఆట. దానికి బేసు, అంటే అడుగు స్వరాలు, ఊదేది ట్యూబా అనే పెద్ద ఇత్తడి వాయిద్యం. పోల్కాలో బేసు ఊదేవాడికి పనులు రెండే. స్వరాన్ని సమయానికి మొదలుపెట్టాలి, సమయానికి ఆపాలి. మొదలుపెట్టడం మా పాలకొల్లు, నరసాపురం వైపు పెళ్ళి మేళాల్లో వాయించే కుర్రాళ్ళందరికీ వచ్చు. ఆపడం చాలామందికి రాదు. వాయిద్యం కొనేటప్పుడైనా, సాధన చేసేటప్పుడైనా ముందు ఈ ఆపడం సంగతి చూసుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఫోన్లలో టిరోల్, బవేరియా, స్లొవేనియా, అంటే ఆల్ప్స్ కొండల వైపు మేళాల వీడియోలు చూసి, మనమూ ఇవి వాయిద్దామని పట్టుబట్టారు. ఇప్పుడు మా మేళం రిసెప్షన్లలో భోజనాల టైముకి పోల్కాలు, మూడు దెబ్బల వాల్ట్జులు వాయిస్తోంది. జనం ఇష్టంగానే వింటున్నారు. మొదట్లో ఒక కుర్రాడు మాత్రం మొహం మాడ్చుకుని అడిగాడు: "బాబాయ్, క్లారినెట్‌వాడికేమో చేతినిండా పని. బేసుకి చూస్తే రెండు స్వరాలే. ఇందులో నేను నేర్చుకునేదేముంది?"

ఇది కాళ్ళతో వినే సంగీతం. క్లారినెట్ ఎంత వేగంగా పరిగెత్తినా, నేల మీద పాదం ఎప్పుడు పడాలో చెప్పేది బేసు. బేసు "దుమ్" అంటుంది, టెనార్ హార్నో గిటారో అకార్డియనో "చక్" అంటుంది. దుమ్‌కీ చక్‌కీ మధ్య కాస్త ఖాళీ ఉంటేనే ఆడేవాడి పాదం లేస్తుంది. మన దుమ్ సాగి చక్ మీదికి వెళ్ళిపోతే ఆ ఖాళీ పోతుంది, పాట బరువెక్కుతుంది. సినిమా పాటకి బేసు సాగదీసి ఊదే అలవాటు మనకి బాగా ఉంది కాబట్టి మన మేళాల్లో ఇది ఎక్కువగా జరుగుతుంది.

మేళం ఎంతమందో చూసుకుని వాయిద్యం ఎంచుకోండి

ఆల్ప్స్ ఇత్తడి సంగీతమంతా ఒకటే అనుకుని "ట్యూబా" అనే పేరు మీద ఏదో ఒకటి కొనేస్తే డబ్బు దండగ. అక్కడ కనీసం నాలుగు రకాల గుంపులున్నాయి, ఒక్కోదానికి బేసు ఒక్కోటి.

పెద్దది ఊరి మేళం. ముప్ఫై నలభై మంది ఉంటారు, వరసలు కట్టి నడుస్తారు. ఇందులో డబుల్ బి ఫ్లాట్ ట్యూబా (ఇకపై బి ఫ్లాట్ అంటాను), దానితోపాటు తరచూ ఒక ఎఫ్ ట్యూబా ఉంటాయి. ఈ పేర్లు వేళ్ళేమీ నొక్కకుండా ఊదితే వాయిద్యం పలికే మూల స్వరానివి. చాలాచోట్ల రెండూ ఒకే బేసుని ఒక స్థాయి తేడాతో ఊదుతాయి. బి ఫ్లాట్ గొట్టం సాగదీస్తే సుమారు 18 అడుగులుంటుంది. ఎఫ్‌ది 12 అడుగులు. మొదట పుట్టింది ఎఫ్ ట్యూబాయే. 1835లో బెర్లిన్‌లో వీప్రెష్ట్, మోరిట్స్ అనే ఇద్దరు దానికి పేటెంటు తీసుకున్నారు. దానికి అప్పుడే అయిదు వాల్వులు, అంటే వేలితో నొక్కి గొట్టం పొడవు పెంచే మీటలు, ఉన్నాయి. బొహీమియాలో, ఇప్పటి చెక్ దేశంలోని హ్రాడెట్స్ క్రాలోవెలో 1842లో చెర్వెనీ పెట్టిన కార్ఖానా పెద్ద బేసులకి పేరు తెచ్చుకుంది. ఆ పేరుతో ట్యూబాలు ఇప్పటికీ వస్తున్నాయి.

రెండోది డ్యాన్సుల చిన్న గుంపు, వాళ్ళ మాటలో టాంజ్‌ల్‌ముసి. ఏడెనిమిది మంది. రెండు ట్రంపెట్లు లేదా ఫ్లూగెల్‌హార్న్‌లు (ట్రంపెట్ లాంటివే, గొంతు మెత్తన), క్లారినెట్లు, ఒక టెనార్ హార్న్ లేదా ట్రాంబోన్, అకార్డియన్, ఒక్కోచోట హార్ప్, అడుగున ట్యూబా. అంతా ఒక గదిలో, మైకు లేకుండా వాయించే సంగీతం. అందుకని ఇక్కడ ఎఫ్ ట్యూబాకి మంచి గిరాకీ. గొట్టం పొట్టిది కాబట్టి స్వరం చటుక్కున పలుకుతుంది, చటుక్కున ఆగుతుంది. హార్ప్‌నీ క్లారినెట్‌నీ మింగెయ్యదు.

మూడోది ఒబెర్‌క్రైనర్ పద్ధతి. 1953లో స్లొవేనియాలోని బెగున్యెలో అవ్‌సెనిక్ అన్నదమ్ములు మొదలుపెట్టిన మేళంతో ఇది లోకమంతా పాకింది. ట్రంపెట్, క్లారినెట్, అకార్డియన్, గిటారు, బేసు, అంతే. ఇందులో ఇత్తడి బేసు బారిటోన్, అంటే మన యుఫోనియం వరసలోది. నాలుగోది వైజెన్‌బ్లేజర్లు. ముగ్గురో నలుగురో కొండ మీద నిలబడి పాటల వరసలు నిదానంగా ఊదేవాళ్ళు. వాళ్ళ సంగతి చివర్లో చెప్తాను.

మన వైపు మేళాలకి నా సలహా ఒకటే: ఒబెర్‌క్రైనర్‌తో మొదలుపెట్టండి. కొత్తగా కొనాల్సింది ఏమీ ఉండదు. ట్రంపెట్, క్లారినెట్ మేళంలో ఉండనే ఉంటాయి. అకార్డియన్ లేకపోతే కీబోర్డులో ఆ సౌండు పెట్టుకోవచ్చు, మేం అలాగే చేస్తున్నాం. మూలన పడి ఉన్న యుఫోనియం తియ్యండి. దాని గొట్టం సుమారు 9 అడుగులు, పెద్ద బి ఫ్లాట్ ట్యూబాలో సరిగ్గా సగం. అందువల్ల వేళ్ళు రెండింటికీ ఒకటే. యుఫోనియం మీద నేర్చుకున్న పోల్కా బేసు రేపు పెద్ద ట్యూబా చేతికొచ్చినప్పుడు అవే వేళ్ళతో ఒక స్థాయి కింద పలుకుతుంది. ఎఫ్ ట్యూబాకి, ఇ ఫ్లాట్ ట్యూబాకి వెళ్తే వేళ్ళన్నీ మళ్ళీ నేర్చుకోవాలి. ఆరు నెలలు యుఫోనియం మీద స్వరం ఆపడం నేర్చుకోకుండా ట్యూబాకి డబ్బు పెట్టకండి.

ఒంటికి తగిలించుకునే వాటి గురించి కూడా అడుగుతుంటారు. సౌసఫోన్ అమెరికా మేళాలది, 1890ల్లో వచ్చింది, బెల్లు, అంటే గొట్టం చివరి వెడల్పు నోరు, ముందుకి తిరిగి ఉంటుంది. దానికంటే ముందుది హెలికాన్, 1840ల్లో వియన్నాలో తయారైంది, భుజం మీదుగా గుండ్రంగా చుట్టుకుంటుంది. ఊరేగింపులో నడుస్తూ వాయించాలంటే ఈ రెండూ సుఖం. నిటారు ట్యూబా బి ఫ్లాట్‌ది తొమ్మిది పది కిలోలుంటుంది, పట్టీ లేకుండా నడవలేం. ఇంకో సంగతి, దాని బెల్లు ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. మన పెళ్ళిళ్ళలో చల్లే పూలరేకులు, అక్షింతలు, కుర్రాళ్ళు కొట్టే నురగ స్ప్రే అన్నీ అందులోనే పడతాయి. ఊరేగింపుకి నిటారు ట్యూబా తీసుకెళ్తే బెల్లుకి పల్చటి బట్ట కట్టుకోండి.

నాలుగో వాల్వు ఎందుకు

దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. బేరం దగ్గర అందరూ వదిలేసేది ఇదే.

మొదటి వాల్వు నొక్కితే స్వరం రెండు మెట్లు దిగుతుంది, రెండోది ఒక మెట్టు, మూడోది మూడు మెట్లు. మెట్టంటే కీబోర్డు మీద పక్కపక్క మీటల దూరం. అయిదు మెట్లు దిగాలంటే మొదటిదీ మూడోదీ కలిపి నొక్కాలి. చిక్కంతా ఇక్కడే. ఒక్కో వాల్వుకి వేసిన అదనపు గొట్టం, వాయిద్యం ఖాళీగా ఉన్నప్పటి పొడవుకి లెక్కగట్టింది. మొదటిది నొక్కాక వాయిద్యం అప్పటికే పొడవైపోయింది. ఆ పొడవుకి మూడోదాని గొట్టం చాలదు. 18 అడుగుల ట్యూబాలో లెక్క కడితే సుమారు అయిదంగుళాలు తక్కువ పడుతుంది. స్వరం పైకి పోతుంది, వినేవాడికి తెలిసేంతగా పోతుంది.

ఇప్పుడు ఆ వేళ్ళు ఏ స్వరాలకి వస్తాయో చూడండి. బి ఫ్లాట్ ట్యూబా మీద కింది ఎఫ్‌కి ఒకటీ మూడూ. దాని పైన సి కి ఒకటీ మూడూ. పోల్కా బి ఫ్లాట్‌లో ఉంటే స అంటే బి ఫ్లాట్, ప అంటే ఎఫ్. పోల్కా ఎఫ్‌లో ఉంటే స అంటే ఎఫ్, ప అంటే సి. అంటే రాత్రంతా మీరు ఊదే పంచమమే శృతి తప్పుతుంది. మామూలు పాటలో ఎప్పుడో ఒకసారి వచ్చే స్వరమైతే పెదవితో సర్దుకోవచ్చు. పోల్కాలో ప్రతి రెండో దెబ్బా అదే. నాలుగో వాల్వు అయిదు మెట్లూ ఒక్కటే దింపుతుంది, దాని గొట్టం ఆ పనికే కోసింది కాబట్టి శృతిలో ఉంటుంది.

మూడు వాల్వులదే చేతిలో ఉంటే బెంగపడక్కర్లేదు. మూడో వాల్వు స్లయిడుని, అంటే జరిపే గొట్టం ముక్కని, బయటికి లాగి, ఒకటీ మూడూ కలిపిన స్వరం కీబోర్డుతో కలిసేదాకా సర్దండి. స్లయిడుకి రెండు కాళ్ళుంటాయి కాబట్టి అంగుళం లాగితే గొట్టం రెండంగుళాలు పెరుగుతుంది. కొన్నిట్లో తయారుచేసినవాళ్ళే మూడోదాన్ని కాస్త పొడుగు పెడతారు, అందుకని కొలతతో కాకుండా చెవితో సర్దాలి. అలా లాగాక మూడోది ఒంటరిగా నొక్కితే స్వరం దిగజారుతుంది. ఆ మూడు మెట్లకి ఒకటీ రెండూ కలిపి వాడుకుంటే సరిపోతుంది.

వాల్వు పిస్టనా (పైకీ కిందికీ కదిలేది), రోటరీయా (గుండ్రంగా తిరిగేది) అన్నది ఇంకో ప్రశ్న. ఆల్ప్స్ ప్రాంతంలో ట్యూబా, ట్రంపెట్, ఫ్లూగెల్‌హార్న్ అన్నీ ఎక్కువగా రోటరీవే. ట్యూబా పుట్టిన 1835లోనే వియన్నాలో రీడిల్ అనే ఆయన రోటరీ వాల్వుకి పేటెంటు తీసుకున్నాడు. స్వరం నుంచి స్వరానికి మెత్తగా జారుతుంది, వేలు కొంచెం నొక్కితే చాలు. బవేరియాలో మీరాఫోన్, మెల్టన్ కంపెనీల ట్యూబాలు ఈ సంగీతంలో బాగా కనిపిస్తాయి. పాతది ఒకటి మంచి స్థితిలో దొరికి, మీ చేతిలో డబ్బుంటే వదలకండి. కానీ రోటరీ విప్పి మళ్ళీ బిగించడం తెలిసిన మనిషి మా చుట్టుపక్కల నాకు కనబడలేదు. పిస్టన్ అయితే పైమూత విప్పి మనమే కడుక్కోవచ్చు. మీరట్ జాలీ కోఠీలో తయారయ్యే ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ బేసులు ఎక్కువగా పిస్టన్‌వే. మన మేళాలకి అవే అందుబాటు. వాటిలో ఒక్కో ముక్క ఒక్కోలా ఉంటుంది కాబట్టి చూడకుండా ఫోటో మీద కొనొద్దు.

చూసేటప్పుడు ఇవి చెయ్యండి. రెండో స్లయిడుని వాల్వు నొక్కకుండా నెమ్మదిగా బయటికి లాగండి, కాసేపు ఆగి వాల్వు నొక్కండి. "టప్" మని చప్పుడొస్తే వాల్వు గాలి పట్టి ఉంచుతోందని అర్థం. చప్పుడే రాకపోతే ఆ వాల్వు అరిగిపోయింది. ఈ పరీక్షకి తప్ప మామూలుగా ఎప్పుడు స్లయిడు లాగినా వాల్వు నొక్కే లాగాలి. మౌత్‌పీసు పెట్టి పక్కలకి కదిపి చూడండి. ఊగుతుంటే కాడ సైజు కలవలేదు. అలాంటిదాంట్లో ఎంత గాలి పోసినా కింది స్వరాలు మసకగానే వస్తాయి. తర్వాత నొక్కులు చూడండి. బెల్లుకి నొక్కులుంటే చూపుకి బాగోదు గానీ స్వరానికి పెద్ద నష్టం లేదు. మౌత్‌పీసు నుంచి వాల్వుల దాకా వచ్చే సన్న గొట్టంలో చిన్న నొక్కున్నా ధర తగ్గించమనండి. అదే గొట్టం మీద గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే ఇత్తడిలో జింకు తినేసి రాగి మిగిలిందన్నమాట. లోపలినుంచి పాడైన వాయిద్యం అది, వదిలెయ్యండి.

మౌత్‌పీసు విషయంలో పెద్ద బి ఫ్లాట్‌కి లోతైన, గరాటులా దిగే కప్పు తీసుకోండి. ఎఫ్‌కి కాస్త లోతు తక్కువది. చాలు.

దుమ్ ఎంతసేపు

ఇక ఊదడం. ముందు బేసు దారి తెలుసుకోండి. ఈ పాటలు దాదాపు అన్నీ శంకరాభరణం వరసలోనే నడుస్తాయి, మూడు తీగల (కార్డుల, అంటే కలిపి పలికే స్వరాల గుంపుల) బలంతోనే. స తీగ మీద ఉన్నప్పుడు బేసు స, ప. ప తీగకి వెళ్తే ప, రి. మ తీగకి వెళ్తే మ, స. అంటే మొత్తం స, రి, మ, ప నాలుగు స్వరాలు. తీగ మారిన మొదటి దెబ్బకి ఆ తీగ పేరున్న స్వరమే పడాలి, ఇది పట్టు విడవని నియమం. ఒక్క సడలింపు ఉంది. స తీగ చివర్లో ప ఊది, వెంటనే ప తీగ మొదట్లో మళ్ళీ ప వస్తే ఒకే స్వరం రెండుసార్లు పడి నడక కుంటుతుంది. అక్కడ రి తో మొదలుపెట్టి ప కి రావచ్చు. వాళ్ళూ అలా చేస్తారు. స నుంచి మ కి వెళ్ళేటప్పుడు స రి గ మ అని నాలుగు స్వరాలు ఎక్కడం కూడా ఉంది. అది పాట మొత్తంలో ఒకటి రెండుసార్లు వస్తే ముద్దు, ప్రతి వరసకీ వేస్తే వెగటు.

పోల్కాలో మూడో భాగాన్ని ట్రియో అంటారు. అక్కడ మధ్యమమే కొత్త షడ్జమం అయిపోతుంది. బి ఫ్లాట్‌లో నడుస్తున్నది ఇ ఫ్లాట్‌కి వెళ్తుంది. ముందే మేళానికంతటికీ చెప్పి ఉంచండి.

నోట్స్ చూసి వాయించేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆస్ట్రియా, జర్మనీ కాగితాల్లో బి అని ఉంటే అది మన బి ఫ్లాట్. మన బి ని వాళ్ళు హెచ్ అని రాస్తారు. ట్యూబా భాగం బేస్ క్లెఫ్‌లో, పలికే స్వరాల్లోనే రాసి ఉంటుంది.

సాధనకి ఫోనులో మెట్రోనోమ్ (సమానంగా దెబ్బ కొట్టే యాప్) నిమిషానికి 60 మీద పెట్టండి. ఒక్క స్వరం, బి ఫ్లాట్. దెబ్బ పడగానే "దు" అని నాలుక తీసి ఊదండి, దెబ్బలో సగం అయ్యేసరికి ఆపండి, మిగతా సగం ఖాళీ. ఆపేటప్పుడు నాలుకతో మూసెయ్యొద్దు. నాలుకతో మూస్తే స్వరం చివర "ట్" అని కొరికినట్టు వినిపిస్తుంది. ఊపిరి ఆపండి, పెదాలు అలాగే ఉంచండి. మిగిలిన మోత బెల్లులోంచి అదే పోతుంది. గుళ్ళో గంట కొట్టి చెయ్యి తీసేసినట్టు, దెబ్బ గట్టిగా, వెనక మోత మెత్తగా. ఎడమచేతి వేళ్ళు బెల్లు అంచుకి ఆనించి చూడండి. ఊపిరి ఆపాక కూడా ఇత్తడి కాస్త అదురుతూ ఉంటుంది. ఆ అదురు చక్ దెబ్బ పడేలోపు చచ్చిపోవాలి.

ఇది కుదిరాక స, ప. తర్వాత ఎనిమిది దెబ్బల వరసలు. అప్పుడు మెట్రోనోమ్ పెంచుకుంటూ 110, 120 దాకా రండి. పోల్కా నడక అక్కడుంటుంది. వేగం పెరిగేకొద్దీ స్వరం తనంతట తనే పొట్టిదవుతుందని అనుకుంటారు. అవ్వదు. వేగంలో ఖాళీలే ముందు పోతాయి, దుమ్‌లన్నీ అతుక్కుపోతాయి. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. ఒక్క ట్యూబానే రికార్డు చేస్తే తెలియదు, పక్కన ఎవరినైనా చక్ అని చప్పట్లు కొట్టమనండి. చప్పట్లు విడిగా, స్పష్టంగా వినిపిస్తే మీ స్వరం సమయానికి ఆగినట్టే.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది మొదటి నెలలోనే తేల్చుకోవాల్సిన సంగతి. ట్యూబా గాలిని విపరీతంగా తాగుతుంది. గాలి అయిపోయేదాకా ఆగి అప్పుడు తీసుకుంటే మొదటి దెబ్బ ఆలస్యమవుతుంది. మొదటి దెబ్బని ఎప్పుడూ వదలకూడదు. నాలుగు వరసలకొకసారి రెండో దెబ్బ, అంటే ఆ ప ని వదిలేసి అక్కడ ఊపిరి తీసుకోండి. చక్ ఆ చోటుని నింపేస్తుంది, వినేవాడికి తేడా తెలియదు. మే నెల మధ్యాహ్నం షామియానా కింద వాయించేటప్పుడు మరీ జాగ్రత్త, తల తిరుగుతుంది. పాటకీ పాటకీ మధ్య నీళ్ళు తాగండి, పట్టుదలకి పోవద్దు.

షామియానా అన్నాను కాబట్టి సౌండు సిస్టమ్ మాట కూడా చెప్పాలి. మన వైపు సౌండువాళ్ళు బేసు బాగా పెంచి పెడతారు. ట్యూబాకి మైకు బెల్లులో పెట్టనివ్వకండి, ఎంత పొట్టిగా ఊదినా స్పీకరు దాన్ని సాగదీస్తుంది. మైకు బెల్లుకి పక్కగా, మూరెడు దూరంలో పెట్టించి, బేసు తగ్గించమనండి. "తమ్ముడూ, ట్యూబాయే బేసు, నువ్వు మళ్ళీ బేసు కలపక్కర్లేదు" అంటే ఆళ్ళకి అర్థమవుతుంది.

మూడు దెబ్బలవి, కలగలుపువి

వాల్ట్జులో మూడు దెబ్బలు. బేసుకి మొదటిదే. తర్వాతి రెండూ చక్ చక్. ఒక వరసలో స, తర్వాతి వరసలో ప. స్వరం ఒక దెబ్బకి మించి ఉండకూడదు. లెండ్లర్ కూడా మూడు దెబ్బలదే, కానీ నిదానం. పల్లెల్లో పుట్టిన ఆట. అందులో స్వరం కాస్త పొడుగ్గా, బరువుగా ఉంచొచ్చు. బోయరిషర్ రెండు దెబ్బల నిదానపు నడక, పిల్లలకి మొదట నేర్పడానికి అదే మంచిది.

నాకు బాగా ఇష్టమైంది జ్వీఫాఖర్. బవేరియా పల్లెల ఆట. ఇందులో మూడు దెబ్బల వరసలూ రెండు దెబ్బల వరసలూ కలిసి వస్తాయి, దెబ్బ వేగం మారదు. మామూలుగా వచ్చే వరస రెండు మూడులు, రెండు రెండ్లు. పడమటి సంగీతం చదువుకున్నవాళ్ళు దీన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ తడబడతారు. మనకి ఆ తిప్పలు అక్కర్లేదు. "తకిట తకిట తక తక" అనుకోండి, అయిపోయింది. త దగ్గరే బేసు పడాలి, మిగతా అక్షరాలన్నీ చక్. ముందు నోటితో అంటూ నడవండి, ప్రతి త కి పాదం వెయ్యండి. మా పిల్లలు సాయంత్రాలు కాలవగట్టు మీద ఇలాగే నడుస్తూ నేర్చుకున్నారు, ట్యూబా ముట్టకుండా. పాదం తప్పనంతవరకు వచ్చాకే వాయిద్యం ఇచ్చాను. జ్వీఫాఖర్లో ఇప్పుడు మూడా, రెండా అన్నది ఆడేవాళ్ళకి పాదంలో తెలిసేది బేసు వల్లే. క్లారినెట్ తప్పు ఊదితే ఎవరూ పట్టించుకోరు. బేసు ఒక్క త ముందో వెనకో వేస్తే ఆట ఆగిపోతుంది. రెండు స్వరాలేగా అన్న కుర్రాడే ఇప్పుడు మాలో దీన్ని అందరికంటే బాగా వాయిస్తాడు.

వైజెన్‌బ్లేజర్లు వీటన్నిటికీ ఎదురు దారి. అక్కడ పోల్కా లేదు, చక్ లేదు. పాట వరసల్ని మూడు నాలుగు గొంతులుగా పంచుకుని, బయట కొండ వాలులో నిలబడి ఊదుతారు. ఇందులో స్వరం పూర్తిగా నిండాలి, పక్కవాడితోపాటే ఊపిరి తీసుకోవాలి, కలిసి ఆపాలి. క్రిస్మస్‌కి చర్చిల్లో వాయించేవాళ్ళు ఈ పద్ధతి తప్పకుండా నేర్చుకోండి, రెండు ట్రంపెట్లు, ఒక యుఫోనియం, ఒక ట్యూబా చాలు. ట్యూబా పక్కవాళ్ళకంటే మెల్లగా ఊదాలి. కింది స్వరానికి బలం సహజంగానే ఉంటుంది.

మన ఎండ, మన గాలి

ఆల్ప్స్ చలికి తయారైన శృతిలెక్క మన ఎండలో నిలవదు. 20 డిగ్రీల్లో గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, 35 డిగ్రీల్లో 352 దాకా. ఇత్తడి వాయిద్యం అంతమేరా పైకి పోతుంది. లోపలికి పోయే మన ఊపిరి ఎలాగూ వెచ్చనే కాబట్టి ఆ తేడా మొత్తం కనపడదు గానీ, కీబోర్డు పక్కన పెట్టుకుంటే స్పష్టంగా తెలుస్తుంది. ఎండ ఎంతున్నా కీబోర్డు శృతి కదలదు. కాబట్టి వాయిద్యం పదినిమిషాలు ఊదాకే శృతి సరిచూసుకోండి, ముందుకాదు. మెయిన్ స్లయిడు లాగండి. లాగినా చాలకపోతే కీబోర్డు శృతినే 440 నుంచి 442, 443 కి పెంచండి. ఆస్ట్రియా మేళాలు మామూలుగానే ఆ దరిదాపుల్లో ఉంటాయి, కాబట్టి పాట రంగు చెడదు.

నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్ళకి ఉప్పుగాలి బెడద కూడా ఉంది. దానికి చేతి చెమట తోడైతే లక్కరు (ఇత్తడి మీది పైపూత) ఊడిన చోట పచ్చటి తుప్పు పడుతుంది. వాయించడం అయ్యాక నీళ్ళు వంచేసి, పొడి నూలుగుడ్డతో చేతులు ఆనిన చోట్లన్నీ తుడవండి. ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతో తోమాలని అమ్మమ్మలు ముచ్చటపడతారు. లక్కరు వేసిన వాయిద్యానికి ఆ పులుపు తగలనివ్వకండి. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం మెత్తటి సబ్బు చాలు. కాలవలో ముంచి కడగొద్దు, ఒండ్రు వాల్వుల్లోకి పోయి గీతలు పెడుతుంది. వాల్వులకి వాల్వు ఆయిలే వెయ్యండి. కొబ్బరినూనె వేస్తే రెండురోజులు బాగానే జారుతుంది, తర్వాత జిగురై వాల్వు పట్టేస్తుంది. స్లయిడులకి గ్రీజు వేరే.

వాయించేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఇంకొకటి. ట్యూబాకి పక్కనే చక్ వాయించేవాళ్ళు ఉండాలి, చెవికి చెవి తగిలేంత దగ్గర. డ్రమ్స్‌వాడిని అవతలి చివర పెట్టండి. మా మేళంలో కీబోర్డు ఎడమచేతివైపు యుఫోనియం, దాని పక్కన ట్యూబా. ట్రంపెట్లు ఎదురుగా, మా వైపు తిరిగి. రిహార్సల్లో మొదటి పావుగంట ట్యూబా, కీబోర్డు మాత్రమే, దుమ్ చక్, దుమ్ చక్, పాట లేకుండా. క్లారినెట్లవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. చక్ బాగా వినిపించేదాకా పాట ఎత్తనివ్వకండి.